పదును లేని కత్తెర

మా చర్చి సంఘంలో శుక్రవారం ఉపవాస కూటానికి ప్రార్థన మనవులు చీటీ మీద రాసి ఇవ్వాలి. ఊరికే మేలు చేయమని రాస్తే కూటం నడిపే పెద్దమ్మలు ఒప్పుకోరు. ఏం కావాలో విడమరిచి అడగాలి. చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యం కంఠస్థం చేస్తూ పెరిగిన నాకూ అదే అలవాటు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నంద్యాలలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా ఉన్నప్పుడు, ఆ అలవాటే నన్ను మా బావ నోటికి చిక్కేలా చేసింది.

బావది ఆళ్లగడ్డ. శిల్పుల ఉలులు కొలిమిలో కాల్చి పదును పెట్టే పని. ఆయన పటకారుతో ఉలి పట్టుకుంటే సమ్మెట కొట్టేది మా అక్క. అక్కకు గర్భసంచిలో గడ్డ పెరిగి, నెలల తరబడి రక్తం పోతుండేది. మా డాక్టరమ్మ చూసి, పొట్టకు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ గర్భసంచి తీస్తానంది. లోపల రక్తం ఆగకపోతే పొట్ట కోయక తప్పదని కూడా చెప్పింది. కోస్తే చాలాకాలం బరువెత్తకూడదు. అక్క భయం ఆపరేషన్‌కు కాదు, సమ్మెట చేజారుతుందని.

గురువారం వాళ్లిద్దరికీ ధైర్యం చెబుదామని, డాక్టరమ్మను అడిగి, ఇంకా శుద్ధికి పంపని పనిముట్లు రెండు తెచ్చి చూపించాను. పాతది కరెంటుతో రక్తనాళాన్ని పట్టి మాడ్చేది. మాడ్చాక దాన్ని బయటికి తీసి, కత్తెర పంపి కోయాలి. కొత్తది ఆ నెలలోనే వచ్చింది. దాని కొస కంటికి కనబడనంత సన్నగా అదిరి, ఆ వేడితో నాళాన్ని మూసి, తానే కోసేస్తుంది.

బావ కొత్తదాన్ని వెలుతురుకు పెట్టి బొటనవేలితో నిమిరాడు.

"దీనికి పదును యాడుంది?"

"పదును ఉండదు బావా. అదిరి కోస్తాది."

"అదిరేదే కోసేటట్లయితే మీ అక్క నోరు చాలు గదా."

"నీ నోటికి ముందు కుట్లేయించాల," అంది అక్క.

ఆయన నవ్వి, పాతదాని దవడలు మూసి తెరిచి చూశాడు. "ఇది నా పటకారుకు తమ్ముడు. పట్టు బాగుంది. దీన్ని గూడా పక్కన పెట్టుకో మరదలా."

"దాంతో పని పడదులే. రేపు కూటంలో కొత్తదానికి ప్రార్థన చేయిస్తాండా."

"పనిముట్టుకు గూడానా? మరి పాతదానికి ఎవురు చేస్తారు?"

"నువ్వు చెయ్యి," అన్నాను. ఆయన చర్చి మెట్టెక్కి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు.

మరునాడు ముప్పై మంది ఆడవాళ్లం మోకరించాం. ఆ కొత్త కత్తెర ఎక్కువా అదరకుండా, తక్కువా అదరకుండా కాపాడమని ఒక పెద్దమ్మ కన్నీళ్లతో వేడుకుంది.

శనివారం పొద్దున ఆపరేషన్. కొత్తది చకచకా పని చేస్తుంటే నాకు లోపల ఆనందం పొంగింది. గర్భసంచి పక్కనుండే పెద్ద నాళం దగ్గరికి వచ్చాం. గడ్డ వల్ల అది మామూలు కంటే బాగా లావెక్కింది. కొత్తది పట్టింది, కోసింది. కెమెరా తెర రక్తంతో ఎర్రబడింది.

"పాతది ఇవ్వు," అంది డాక్టరమ్మ, గొంతు పెంచకుండా.

అది నా బల్ల మీదే ఉంది. నిజం చెప్పాలంటే, పొద్దున బల్ల సర్దుతూ దాన్ని తేకుండా వదిలేయబోయి, బావ ఎగతాళి గుర్తొచ్చి పెట్టాను. అది నాళాన్ని పట్టింది, మాడ్చింది. రక్తం ఆగింది. పొట్ట కోయలేదు.

బయటికి వచ్చి జరిగింది చెబితే బావ ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే మొదలుపెట్టాడు.

"ముప్పై మంది కొత్తదానికి చేసినారు. పైనుండే ఆయప్ప ఎవురి మాట విన్న్యాడు?"

"అంటే నువ్వు చేసినావా బావా, పాతదానికి?"

ఆయన పంచె మీద, మోకాళ్ల దగ్గర అంటిన వరండా దుమ్మును దులుపుకున్నాడు.

అక్క ఇక బరువెత్తవచ్చని డాక్టరమ్మ అన్నాక ఒకరోజు ఆళ్లగడ్డ వెళ్లాను. కొలిమి దగ్గర ఉలుల కోసం కూర్చున్న శిల్పులకు బావ ముప్పై మంది కథ చెబుతున్నాడు. నన్ను చూసి, "అడగండి, సాక్షి వచ్చింది," అన్నాడు.

"ఎవురి ప్రార్థనయితే ఏంది," అంది అక్క సమ్మెట ఎత్తి. "ఉలి సల్లారిపోతాంది, సరిగ్గా పట్టు."