పూరేడు గూటికి కట్టిన కంచె

ఇవాళ పొద్దున కమాన్‌పూర్ దారిలో వెళ్తుంటే కోసిన వరి వాసన గుప్పుమంది. బండి ఆపేశాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఐలయ్య సారు గుర్తొస్తారు. నాన్న ఉద్యోగం నాకొచ్చి బొగ్గు గని ఆఫీసులో చేరిన కొత్తలో ఆయన మాకు ఓవర్‌మన్, అంటే లోపల షిఫ్టు నడిపించే మనిషి. రెట్టింపు జీతమొచ్చే ఆదివారం డ్యూటీ కోసం అందరూ కొట్టుకు చస్తుంటే, ఈయన దాన్ని వదులుకొని పిట్టలను చూసే మా గనివాళ్ల క్లబ్బును వెంటేసుకొని పొలాల మీద పడేవారు. "వారమంత చీకట్ల ఉంటం. ఒక్కరోజన్న తలెత్తి చూడకపోతే మెడ ఎందుకు బిడ్డా?" అని నన్నూ లాక్కెళ్లారు.

దసరా వెళ్లాక వచ్చిన ఆదివారం అది. మావాళ్ల తెలివి చూడండి, పిట్టలను చూడటానికి వస్తూ డ్యూటీకొచ్చినట్టే మెరిసే నారింజ జాకెట్లు తొడుక్కొచ్చారు! గట్టెక్కామో లేదో కొంగలన్నీ లేచిపోయాయి. సారు తల పట్టుకున్నారు. "మిమ్ముల జూస్తె డంపర్ ఆగుతది గని, కొంగ ఆగుతదా? గా జాకెట్లు ఇప్పుండ్రి జల్ది!" నవ్వలేక చచ్చాం.

కొంచెం దూరం పోయాక లచ్చవ్వ పొలంలో, గట్టు పక్క వరిదుబ్బుల నడుమ పూరేడు పిట్ట గుడ్ల మీద కూర్చొని కనిపించింది. అప్పటికే కోత మిషను పక్క మడిలో దిగింది, కాసేపట్లో ఇటు తిరుగుతుంది. సారు లచ్చవ్వను పిలిచి గూడు చూపించారు. లచ్చవ్వ భర్త గనిలో పనిచేసి కాలం చేశాడు, ఆ పొలమే ఆమెకు దిక్కు. "నేనేం జెయ్యాలె సారు? మిషను ఇయ్యాల పోతే మల్ల దొరకది. మొగులు జూడు ఎట్లున్నదో" అంది. వాన పడితే పంటంతా నేలపాలే. ఆమెను ఏమని తప్పుపడతాం?

సారు వాదించలేదు. "కోత ఆపకు అవ్వా. గీ కొంచెం జాగ ఇడిసిపెట్టు, సాలు" అని, గూటి చుట్టూ నాలుగు దిక్కులా రెండేసి కట్టెలను ఇంటూ గుర్తులా కట్టి పాతారు. గనిలో కప్పు కూలేలా ఉన్నచోట కట్టే కంచె అదే. దాన్ని దాటి ఎంతటివాడూ అడుగు వేయడు. మిషను డ్రైవరు కూడా మా గోదావరిఖని కార్మికుడి కొడుకేనట, కట్టెలు చూడగానే బ్రేకు వేశాడు. "ఏందన్నా, ఈడ కప్పు కూలుతదా?"

"కూలుతది తమ్మీ. మన మీద గాదు, ఆ పిట్ట మీద."

అతను గూటి వైపు చూశాడు. మిషనును చుట్టూ తిప్పి తీసుకుపోయాడు.

కొన్నాళ్లకు లచ్చవ్వ ఫోన్ చేసినప్పుడు నేను సారు పక్కనే ఉన్నాను. "సారూ, గుడ్లు పగిలినయి! పిల్లలు తల్లెనుక ఉరుకుతున్నయి. నువ్వొచ్చి కంచె తియ్యి, మిగిలింది కోసుకుంట."

"నీ పొలమే గదా అవ్వా, నువ్వే తీసెయ్యి."

"గట్లెట్ల? గనిల కంచె కట్టినోడే తియ్యాలె అనేటోడు మా ఇంటాయన."

ఫోన్ పెట్టేసి సారు కళ్లు తుడుచుకున్నారు. "పా బిడ్డా, పోదాం" అన్నారు.

సారు ఇప్పుడు లేరు. క్లబ్బు గొడవ నా నెత్తిన పడింది. ఎక్కడ గూడు కనిపించినా కట్టెలు పాతి వస్తాను, తీయడానికి మళ్లీ నేనే వెళ్తాను. ఎండయినా, ఇంట్లో తిట్టినా సరే వెళ్తాను. మొన్న సారును ఎన్నడూ చూడని ఒక రైతు ఫోన్ చేశాడు. "అక్కా, మా మడిల పూరేడు గుడ్లు పెట్టింది. కంచె నేనే కట్టిన. తీసుడు గూడ నాదే, నువ్వు ఫికర్ జెయ్యకు."