ప్రశ్న మళ్లీ చదువుతానండీ

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో వెర్నా స్టట్జ్‌మన్ ఉద్యోగం జనాభిప్రాయం సేకరించడం. ఇంటింటికీ ఫోను చేసి, ప్రభుత్వం బ్యాంకులను ఆదుకోవడం మీకు సమ్మతమేనా, వైద్య బీమా చట్టం మారాలా అని అడుగుతుంది. ప్రశ్నలో ఒక్క మాట మార్చకూడదు. తన అభిప్రాయం చచ్చినా చెప్పకూడదు. అవతలివాళ్లు తమ గోడంతా వెళ్లబోసుకుంటే విని, "ప్రశ్న మళ్లీ చదువుతానండీ" అనాలి. వెర్నా ఆ పనిలో తల పండిన మనిషి. తిట్టినవాళ్ల చేతా జవాబు చెప్పించేది. అంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ దేవుడికే తెలియాలి!

2009 వేసవిలో ఆ బీమా ప్రశ్న ఆమె ఇంట్లోకే వచ్చింది. భర్త డెల్ పనిచేసే కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ మూతపడింది, దాంతో ఉద్యోగం వల్ల ఉన్న వైద్య బీమా కూడా పోయింది. ఒకసారి గుండెపోటు వచ్చి ఆపరేషన్ అయిన మనిషని ఏ కంపెనీ అతనికి కొత్త బీమా ఇవ్వనంది. అప్పుడు చర్చలో ఉన్న కొత్త చట్టం వస్తే అలా కాదనడానికి వీలుండదు. చట్టం రాకపోతే డెల్‌కి డాక్టర్లు చెప్పిన రెండో ఆపరేషన్ లేదు.

ఆగస్టులో ఆ ప్రాంతం నుంచి కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి, ఎన్నికైన రిడ్లీ ఊళ్లోని హైస్కూల్ ఆటల హాల్లో సభ పెట్టాడు. సగంమంది చట్టం కావాలని, సగంమంది వద్దని గొంతులు చించుకుంటున్నారు.

"గొడవ పెట్టుకోకే," అని గొణిగాడు డెల్.

"గొడవెందుకు? నా పని నేను చేస్తా," అంటూ వెర్నా మైకు అందుకుంది. "సార్, పాత జబ్బుందని బీమా కాదనకూడదనే చట్టానికి మీరు ఓటేస్తారా, వెయ్యరా?"

రిడ్లీ వాళ్ల తాత పొలం కథ ఎత్తుకున్నాడు.

"థాంక్సండీ. ప్రశ్న మళ్లీ చదువుతాను." అదే ప్రశ్న, అదే గొంతు.

ఈసారి దేశం అప్పుల గురించి దంచాడు.

"అలాగేనండీ. ప్రశ్న మళ్లీ చదువుతాను."

"తాతయ్య అయిపోయాడు, ఇక నాయనమ్మను దింపుతాడు చూడు!" అన్నారెవరో వెనకనుంచి. జనం గొల్లుమన్నారు. అరుపులు ఆగాయి. చట్టం వద్దన్నవాళ్లకూ ఇప్పుడు జవాబు వినాలనిపించింది.

రిడ్లీ మొహం జేవురించింది. "వెయ్యనమ్మా! అంత ఖర్చు మనం భరించలేం. సరేనా?"

వద్దన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫోనులో అయితే వెర్నా ఇక్కడ ధన్యవాదాలు చెప్పి పెట్టేసేది. ఇప్పుడు మైకు వదల్లేదు.

"సూటిగా చెప్పారు, సంతోషం. ఇన్నేళ్లూ ఊరందరి అభిప్రాయం అడిగా, నాది ఎవరూ అడగలేదు. అందుకే అడక్కుండానే చెప్తున్నా. మీరు నిలబడ్డ ప్రతిసారీ నా ఓటు మీకే వేశా. ఇక వెయ్యను." భర్త భుజం తట్టింది. "లే డెల్. ఎవరి ఖర్చు భరించలేమంటున్నారో సార్‌ని చూడనీ."

డెల్ కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. చప్పట్లు ఆగిపోయాయి. రిడ్లీ చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇటు చూడండి సార్," అంది వెర్నా.