పాటిగడ్డ మన్ను

సుందర్ రావు ఎండాకాలంలో అత్తగారి ఊరికి వెళ్తే, అల్లుడు వచ్చాడని ఎవరూ అనేవారు కాదు. ఇసుక సారు వచ్చాడనేవారు. హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే ఆయన, 1978లో గోదావరి పాత వరదల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. గట్టు తెగిన చోట మట్టి పొరలు గీకి, సంచుల్లో నింపి, బస్సు టాపు మీద వరంగల్ తెచ్చేవాడు. కండక్టర్లు లగేజీ టికెట్ కొట్టేవారు.

చేసే పని అర్థం కానిదేం కాదు. జోరుగా పారే నీరు లావు ఇసుకను మోసుకొస్తుంది. నిలిచిన నీరు మెత్తటి ఒండ్రును మాత్రమే దించుతుంది. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఇత్తడి జల్లెడల్లో మట్టి పోసి ఊపితే, ఎంత లావు రేణువులు ఉన్నాయో తెలుస్తుంది. దాన్నిబట్టి, చూసినవాళ్లెవరూ మిగలని వరద ఎంత జోరుగా వచ్చిందో అంచనా కట్టవచ్చు.

అత్తగారి ఊరు ఏటూరునాగారం అవతల, గోదావరి ఒడ్డున. మరుసటి ఏడు వానల్లో ఏరు కింది వాడను కోసింది. ఎండాకాలానికి ఇళ్లు ఎక్కడికి మార్చాలన్న మాట వచ్చింది. ఊరి పక్కనే ఎత్తుగా పాటిగడ్డ ఉంది. ఎప్పుడో జనం బతికిన దిబ్బ, తవ్వితే కుండపెంకులు వస్తాయి. అత్తగారు సారమ్మ, ఆమె పక్కింటి మొగిలయ్య ఆయన్ని వెంటబెట్టుకుని గడ్డ ఎక్కారు.

"అల్లుడా, నీ సదువుకు జర పని జెప్పు. ఈడికి నీళ్లొస్తయా?" అని సారమ్మ అడిగింది.

"ఈ సారు ఇసుక తినుడొక్కటే తక్కువ," అని మొగిలయ్య నవ్వాడు. "సూసి జెప్పు సారూ. ముసలోన్ని, ఇంకోపారి ఇల్లు కట్టే తాకత్ లేదు."

సుందర్ రావు గుంత తవ్వించాడు. లావు ఇసుక ఎక్కడా లేదు. పెంకుల మీద జానెడు మందాన మెత్తటి మన్ను పరుచుకుని ఉంది. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, తెలిసిన మన్నే అనుకున్నాడు. ఆయన పుట్టింది నెక్కొండ దగ్గర మట్టి గోడల ఇంట్లో. పాడుపడ్డ ఇల్లు వానకు కరిగితే అచ్చం ఇలాగే ఉంటుంది. పట్నంలో పుట్టినవాడైతే దాన్ని కూడా జల్లెడలో పోసేవాడు.

"ఇది కూలిన గోడల మన్ను అత్తమ్మా, ఏటిది కాదు. నీళ్లు ఈడిదాక రాలే."

నమూనా కోసం ఒక సీసాలో నింపి తెచ్చి లేబొరేటరీ అలమారాలో పెట్టాడు. ఆ వేసవిలోనే సారమ్మ ఇల్లు, మొగిలయ్య ఇల్లు గడ్డ మీద లేచాయి.

1986 ఆగస్టులో ముసురు పట్టింది. వరంగల్‌లో సుందర్ రావు అద్దెకున్న పాత ఇంటి వంటగది గోడ కూలింది.

"నీకు పనికొస్తదేమో, ఎత్తుకపో," అని భార్య లిదియా ఎగతాళి చేసింది.

ఆయన నిజంగానే గుప్పెడు మన్ను కాలేజీకి పట్టుకుపోయాడు. కూలిన గోడ మన్ను ఎలా ఉంటుందో క్లాసులో చూపించాలని దాన్ని, సీసాలోని పాటిగడ్డ మన్నును నీళ్లు పోసి విడివిడిగా జల్లించాడు. రెండూ ఒకేలా రావాలి.

గోడ మన్ను ప్రతి జల్లెడలోనూ ఆగింది. మొరం, ఇసుక, గడ్డి తునకలు. గోడ పగుళ్లివ్వకుండా ఎవరైనా కలిపేవే. పాటిగడ్డ మన్ను ఏ జల్లెడలోనూ ఆగలేదు. అంతా అడుగు పళ్లెంలోకి దిగిపోయింది.

అది గోడ మన్ను కాదు. ఒకప్పటి ఊరంతా మునిగాక, గడ్డ మీద నిలిచిన నీరు దించిన ఒండ్రు. జోరు లేదు కాబట్టే లావు ఇసుక లేదు.

ఇంటికి పరుగెత్తేసరికి గోదావరి పెరుగుతోందని రేడియో చెబుతోంది.

"ఫికర్ జెయ్యకు. అమ్మ గడ్డ మీదనే ఉన్నది గదా," అంది లిదియా.

"గడ్డ మీదనే ఉన్నది," అన్నాడాయన. గొడుగు కూడా తీసుకోకుండా బస్టాండుకు పోయాడు.

ములుగు దాకా బస్సు, అక్కడినుంచి లారీ. తర్వాత రోడ్డు లేదు, నీళ్లే. రోడ్డు తెగిన చోట బడిలో జనాన్ని ఉంచారు. వరండాలో సారమ్మ తడి చీరతో కూర్చుని ఉంది. అల్లుణ్ని చూసి లేవలేదు.

"పడవ తెచ్చి రమ్మన్నరు. మేం రామన్నం. మా అల్లుడు జల్లించి జెప్పిండు, ఈడికి రావని నేనే జెప్పిన. నీళ్లు గడప దాటినంక నన్ను రెక్కబట్టి ఎక్కించిండ్రు."

"మొగిలయ్య?"

"సారు మాట తప్పు గాదక్కా, నువ్వు పో, నేను మేకల కాడుంట అన్నడు. మళ్ల పడవ పోయేసరికి గడ్డే కానరాలేదట."

ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు.

"నువ్వు పట్నం పోయినంక జల్లించినవు గదా అల్లుడా?"

"లేదత్తమ్మా. ఆ మన్ను జల్లించలే. మొన్ననే జల్లించిన."

సారమ్మ గోడ పట్టుకుని లేచింది.

"లోపల మొగిలయ్య పెండ్లాం ఉన్నది. పా, ఆమెకు నువ్వే జెప్పు."

సుందర్ రావు బురద చెప్పులు వరండాలో విడిచి లోపలికి నడిచాడు.