ముందు తలుపు తీయని ఇల్లు

ఫెన్నా వోల్టర్స్ దేశానికి తూర్పు అంచున ఉన్న ట్వెంటే పల్లెల్లో ముప్ఫై ఏళ్లుగా సైకిలు మీద ఉత్తరాలు పంచుతోంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఎవరికైనా గుండె ఆగితే, దాన్ని మళ్లీ ఆడించే శిక్షణ పొందిన దగ్గర్లోని వాళ్లందరి ఫోన్లూ మోగుతాయి. ముందుగా చేరేది ఆమే. అలా పదకొండుసార్లు పరుగెత్తింది. పదకొండు మందీ పోయారు. ఫెన్నా వచ్చిందంటే శవపెట్టె చేయించుకోవడమేనని ఊళ్లో వేళాకోళం. ఆమె కూడా నవ్వేది గానీ, ఇంటికెళ్లాక ముద్ద దిగేది కాదు. ఇంకొకరు పోతే ఈ పరుగులు మానేస్తానని మొగుడితో చెప్పేసింది.

ఆ మార్చి ఉదయం రైతు హార్మ్ ఇంటి నుంచి కబురొచ్చింది. ఆమె వెళ్లేసరికి రొట్టెల కొట్టు కోర్నెలిస్, గుండెకు కరెంటు ఇచ్చే పెట్టె పట్టుకుని ముందు తలుపు బాదుతున్నాడు. పడమటి నుంచి కొత్తగా వచ్చినవాడు, పాపం. ఇక్కడ ముందు తలుపు తీసేది పెళ్లికూతురికీ శవానికీ మాత్రమే. ఫెన్నా అతని చొక్కా పట్టుకుని ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టంలోంచి వంటింట్లోకి లాక్కుపోయింది.

హార్మ్ నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. పడిపోయాడని ఫోన్ చేశాను గానీ ఇప్పుడు గురక పెడుతున్నాడు, నిద్రేమో అంది భార్య డీనె. అది ఊపిరి కాదనీ, ఊపిరి పోయాక గొంతు చేసే చప్పుడనీ ఫెన్నాకు తెలుసు. మోకాళ్ల మీద కూలబడి, ఎదురొమ్ము మీద ముప్ఫైసార్లు నొక్కి, రెండుసార్లు నోట్లోకి ఊదింది. మళ్లీ నొక్కింది. కోర్నెలిస్ పెట్టె తీగలు అంటించాడు. ఒళ్లు ఎగిరిపడింది. మళ్లీ నొక్కుతూ ఉంటే ఆమె చేతుల కింద ఛాతీ తనంతట తానే లేచింది. చేతులు తీసేసింది. మళ్లీ లేచింది. ఒక మనిషిలోకి గాలి పోవడం ఇంత పెద్ద సంగతని యాభై ఎనిమిదేళ్లలో ఆమె ఎన్నడూ అనుకోలేదు. దణ్ణం పెట్టాలనిపించింది.

అంబులెన్సువాళ్లు వచ్చి, ముందు తలుపే దగ్గరని గడియ లాగబోయారు. డీనె అడ్డం నిలబడింది.

"ముట్టుకోకండి బాబూ. ఈయన బతికున్నాడు."

వాళ్లు తెల్లమొహాలు వేశారు.

"కొట్టం తలుపులోంచి ట్రాక్టరే పోతుంది, మీ మంచం పోదా?" అంది ఫెన్నా.

ఆవుల మధ్యగా తీసుకెళ్తుంటే హార్మ్ కళ్లు తెరిచాడు. పెదవులు కదిలాయి. ఫెన్నా చెవి ఒగ్గింది.

"పాలు పిండారా?"

డీనె భర్త వెంట బండెక్కి వెళ్లిపోయింది. ఫెన్నా ఉత్తరాల సంచీ గోడకు తగిలించి, ఏడుస్తూనే, పాలు పిండే యంత్రం ఎలా పెట్టాలని కోర్నెలిస్‌ను అడిగింది. అతనికీ తెలియదు. ఇన్నాళ్లకు ఒక మనిషి బతికి, ఫెన్నాకు పని చెప్పి వెళ్లాడు. చేయకుండా ఎలా పోతుంది?