తప్పు కల్లు

నిన్న ఉదయం ఏడింటికి ఎల్లారెడ్డిలో బస్సు దిగగానే పులిసిన కల్లు వాసన ముఖానికి తగిలింది. ఆ వాసనకు నా దగ్గర ఒక తేదీ ఉంది. 1938లో దసరా వెళ్లిన తర్వాతి ఆదివారం, పొద్దు బారెడెక్కిన వేళ, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ కులపెద్దల ముందు కొంగు పరిచి, "మా ఇంటాయన తాగుడు మాన్పియ్యుండ్రి" అని వేడుకుంది.

మా బాపు గొంగళ్లు నేసేవాడు. ఆ ఏడు తాగి మగ్గం గుంటలోనే పడిపోయే స్థితికి వచ్చాడు. ఆయన మానేదాకా మా ఇంటికి నిప్పూ నీళ్లూ బందని పెద్దలు తీర్పు చెప్పారు: ఎవరూ మాతో పలకరాదు, బావిలో మేము చేద వేయరాదు, ఆయనకు ఎవరూ కల్లు పోయరాదు.

ఆ శిక్షలోనే మేము సుఖపడ్డాము. మొదట్లో బాపు చేతులు వణుకుతూ గొంగడి ముసుగులో పడుకున్నాడు. తర్వాత లేచి, మగవాళ్లు మోయని నీళ్ల కడవలను తానే కావడిన వేసుకొని వాగు నుంచి తెచ్చేవాడు. ఇసుకలో చెలిమె తీసి, నీరు తేటపడేదాకా అక్కకూ నాకూ గచ్చకాయలాట నేర్పేవాడు. గడ్డిలో మాగేసిన సీతాఫలాలు మెత్తబడ్డాయో లేదో రోజూ నొక్కి చూసేవాడు. చలి ముదిరాక, పడుగుకు పూసే చింతగింజల గంజి ఉడికే వాసనలో, వేడి జొన్నరొట్టె మీద నువ్వుల పొడి చల్లి మాకు తానే తినిపించేవాడు.

హోళీ మరునాడు పెద్దలు మమ్మల్ని కులంలో కలుపుకోవడానికి వచ్చారు. తప్పు చేసినవాడు కల్లు కుండ పెట్టి, మోదుగాకు దొప్పలో తొలి గుక్క తాను తాగి, మిగిలింది అందరికీ పోయాలి. ఏ తప్పుకైనా ఆచారం అదే; తాగుడు తప్పుకు వేరే ఆచారం ఉండాలని ఎవరికీ తోచలేదు.

"బెల్లం పానకం కలుపుత, గది తాగుండ్రి" అన్నది అవ్వ.

పెద్దాయన నవ్వాడు. "పానకం వోస్తె కులం గలుస్తదా చెల్లె? ఒక్క గుక్కనే గదా!"

"గా ఒక్క గుక్క కోసమే గదనే అన్నా, నేను మీ కాళ్ల మీద వడ్డది!"

"గట్లయితె నీ ఇష్టం. రేపు నీ బిడ్డల లగ్గానికి పందిరి ఎవలేస్తరో సూసుకో."

బాపు మా ఇద్దరి వైపు చూశాడు. "ఏం గాదు తియ్యే" అని అవ్వతో అని, దొప్ప ఎత్తాడు. "కలిసిండు, కలిసిండు" అని అందరూ చప్పట్లు కొట్టారు. చీకటి పడేసరికి కుండ అడుగున మిగిలింది కూడా ఆయనే తాగాడు. అవ్వ మళ్లీ పంచాయితీకి పోలేదు. 1941 వానకాలంలో బాపు పోయాడు.

ఆ పెద్దలను నేను తిట్టలేను. ఊరంతా ఒక్క మనిషి కోసం కల్లు పోయకుండా చేయి బిగబట్టిన నెలలు అవి. ఇప్పుడు కామారెడ్డి దవాఖానలో తాగుడు మానడానికి మందు ఇస్తారట. పంచాయితీలు లేవు, తాగేవాడిని నిలబెట్టి అడిగే పొరుగువాడూ లేడు.

నా లెక్క ఇది. పోయినవి: బాపు, ఆయన మగ్గం, వాగు ఒడ్డున ఆ చలికాలం. మిగిలింది: కులంలో మా చోటు.