మాస్టారు వేసిన పుట్టినరోజులు

ఈ రోజు ఆగస్టు నెల మూడో ఆదివారం. మొన్న గురువారం ఉదయం మా మాస్టారు కన్నుమూశారు. సముద్రం ఒడ్డు దాకా నడిచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వరండా మెట్టు మీద కూర్చుని కోడలిని కాఫీ అడిగారు. ఆమె గ్లాసు తెచ్చేసరికి వెళ్లిపోయారు. "కాఫీ ఎదురుగా పెడితే చెయ్యి చాపని మనిషి కాదక్కా. అప్పుడే అర్థమైపోయింది నాకు," అన్నది కోడలు. శుక్రవారం సాయంత్రం సమాధి చేశాము. ఈ పత్రిక చదివేవారిలో చాలామంది అక్కడే ఉన్నారు కనుక ఆ సంగతులు మళ్లీ రాయను.

చర్చి సంఘ పెద్దలు వచ్చే నెల సంచికకు రాసిస్తే చాలన్నారు. నేను ఈ నెలకే ఇస్తున్నాను. ఆయన విషయంలో ఒక పని మిగిలి ఉంది. దానికి సాయపడగలవారు మీలో ఉండవచ్చు.

ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాదే నేను మా ఊరి బడిలో ఒకటో తరగతిలో చేరాను. బిడ్డను తీసుకుని వచ్చిన తల్లిని ఆయన ముందు అడిగే ప్రశ్న, ఎప్పుడు పుట్టాడని. మాది చేపల వేట మీద బతికే ఊరు. "పెద్ద వల కొన్న ఏడు సారూ" అని ఒకరు, "వాడి అత్త పెళ్లైన చలికాలం" అని మరొకరు చెప్పేవారు. ఆయన నవ్వి బిడ్డ వైపు తిరిగేవారు. కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. వేళ్లకు చెవి అందితే ఐదేళ్లు నిండినట్టు. బళ్లు తెరిచేది జూన్‌లో కాబట్టి, అందరికీ జూన్ ఒకటో తేదీ వేసేవారు. మా ఊళ్లో సగం మందికి ఈనాటికీ అదే పుట్టినరోజు. ఆ రోజు ఎవరైనా మిఠాయి పంచితే, తీసుకున్నవాడు తిరిగి పంచాల్సిందే.

నాకు కూడా ఆ తేదీనే వేశారు. దాని మూలంగా నేను ట్రెజరీ ఉద్యోగం నుంచి ఒక ఏడాది ముందే దిగిపోయాను. ఆ మాట ఆయనతో ఎన్నిసార్లు అన్నానో.

"ఒక ఏడాది ముందే పింఛను తెప్పించినాను నీకు. ఇంత కృతజ్ఞత లేని ఆడమనిషిని నేను చూళ్లేదమ్మే," అనేవారు.

ఇక ఆయన్ను నేను నిజంగా ఎరిగిన సంగతి రాస్తాను.

మా చెల్లెలి కూతురు భర్త లేని మనిషి. రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసేది. తెలిసినవారి కుటుంబం ఒకటి అమెరికాలో తమ కవల పిల్లలను చూసుకోవడానికి రమ్మంటే, తన కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. కొంతకాలానికి ఆ కుటుంబం వేరే ఊరు మారిపోయింది. వీళ్ల వీసా గడువు దాటింది. తిరిగి వచ్చేయమని నేను గట్టిగానే చెప్పాను. రాలేదు. ఆ పిల్ల, అంటే నా మనవరాలు, అక్కడే బడి పూర్తిచేసి, ఎవరికీ కనబడకుండా బతకడం నేర్చుకుంది. కాలేజీలో చేరలేక, పనిలో చేరలేక, డ్రైవింగ్ లైసెన్సు కూడా లేక ఇంట్లో కూర్చుంది.

అప్పుడు ఆ దేశంలో డిఫర్డ్ యాక్షన్ అని ఒకటి వచ్చింది. చిన్నతనంలో తల్లిదండ్రుల వెంట వచ్చి కాగితాలు లేకుండా పెరిగిన పిల్లల మీద, దేశం నుంచి పంపించే చర్యను వాయిదా వేయడం దాని అర్థం. అది పౌరసత్వం కాదు. వీసా కూడా కాదు. రెండేళ్లు నీ జోలికి రాము, పని చేసుకో అని చెప్పే అనుమతి. గడువు తీరేలోగా మళ్లీ అడగాలి. మొదటిసారి దరఖాస్తు చేసేవారికి చాలా షరతులున్నాయి. వాటిలో ఒకటి, పదహారేళ్లు నిండకముందే ఆ దేశంలో అడుగుపెట్టి ఉండాలి.

నా మనవరాలు అడుగుపెట్టేనాటికి దానికి పదిహేనేళ్లు దాటి కొద్ది నెలలు. కానీ బడి సర్టిఫికెట్ ప్రకారం పదహారు దాటిపోయాయి. పాస్‌పోర్టులో ఉన్నదీ ఆ తేదీయే. జూన్ ఒకటి.

ఫోన్‌లో దాని గొంతు నాకు ఇంకా గుర్తుంది. "అమ్మమ్మా, ఒక్క తేదీ. అదొక్కటే అడ్డం," అన్నది.

నేను మాస్టారింటికి నడిచాను. అప్పటికి ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఆయన ఆఖరి ఏడాది చేర్చుకున్న పిల్లల్లో అదొకటి. నేను సంగతి చెప్పి ముగించకముందే ఆయన అందుకున్నారు.

"దానికి చెవి అందలేదమ్మే."

"ఏంది మాస్టారూ?"

"చెవి. వేళ్లు సగం తల కాడ ఆగిపోయినాయి. నాలుగేళ్లు కూడా లేవు దానికి. వాళ్లమ్మ ఫ్యాక్టరీకి పోతే ఆ బిడ్డ పొద్దుగూకులూ బడి గడప మీద కూర్చుంటా ఉన్నింది. కుక్కలు తిరుగుతాయి అక్కడ. లోపల కూర్చోబెట్టాలంటే పేరుండాలి. నేనే దాని తల ఇట్టా పక్కకు వంచి, చెవి అందించి, ఐదేళ్లని రాసినాను."

తల ఎలా వంచారో తన తల వంచి చూపించారు.

అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే లాయరమ్మ పిల్ల తరఫున చూస్తున్నారు. ఆవిడ చెప్పింది స్పష్టంగా ఉంది. రెండు తేదీలున్నాయన్న సంగతి దాచకూడదు. అసలు తేదీకి ఆధారాలు కావాలి. రెండో తేదీ ఎవరు వేశారు, ఎందుకు వేశారు అన్నది వేసినవారే ప్రమాణం చేసి చెబితే మరీ మంచిది.

మా చెల్లెలి కూతురికి అంత ఓపిక లేదు. టౌనులో ఎవరో ఏజెంటు ఉన్నాడని విన్నదట. "పెద్దమ్మా, వాడైతే అన్ని కాగితాలూ ఒకే తేదీతో చేసిస్తాడంట. ఈ పాత కథంతా ఎందుకు? మాస్టారు ఊఁ అంటే చాలు," అన్నది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే ఉన్న మాస్టారు దగ్గరకు జరిగారు.

"అమ్మాయ్, అప్పుడు బిడ్డకు మేలవుద్దని ఊహించి రాసినాను. ఇప్పుడు జరిగింది రాస్తాను. ఊఁ అనేది ఏం లేదు."

అవతల ఏడుపు వినబడింది. "కాదంటే మమ్మల్ని పంపించేస్తారు మాస్టారూ," అన్నది. ఆయన గొంతు తగ్గించి, "పంపించకుండా ఉండేదానికే గదా ఇద్దరు ముసలోళ్లం కూర్చోనుండేది," అన్నారు.

ఆ తర్వాత కొన్ని వారాలు మా ఇద్దరికీ అదే పని. అసలు తేదీ కోసం ఆయన ముగ్గురిని విడివిడిగా అడిగారు. ఒకరి మాట ఇంకొకరికి చెప్పలేదు. బిడ్డ తల్లిని ఫోన్‌లో, మా చెల్లెల్ని ఇంట్లో అడిగారు. కాన్పు చేసిన నర్సమ్మ రిటైరై కోవూరులో ఉంటే, బస్సులో నన్ను వెంటబెట్టుకుని అక్కడికీ వెళ్లారు. ముగ్గురూ ఒకే వానను చెప్పారు. వార్డులోకి నీళ్లు వచ్చి మంచాల కింద ఇటుకలు పెట్టిన వాన. నర్సమ్మ తేదీతో సహా చెప్పింది. ఆ మర్నాడే ఆమె చెల్లెలికి నిశ్చితార్థమట, వానకు వెళ్లలేకపోయిందట. "ఆ బిడ్డ వల్లే నేను లడ్డు పోగొట్టుకున్నాను, మర్చిపోతానా?" అని నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు, "మనుషులు తేదీలు గుర్తుపెట్టుకోరమ్మే. తమకేం తప్పిపోయిందో గుర్తుపెట్టుకుంటారు. అక్కణ్ణుంచి అడగాల," అన్నారు.

ఇక ఆయన అఫిడవిట్. కోడలికి భయం పట్టుకుంది. బడి రికార్డులో తప్పు తేదీ రాశానని స్టాంపు కాగితం మీద ఒప్పుకుంటే పింఛను ఆపేస్తారేమోనని. ఆ భయం నాకూ ఉన్నది. ట్రెజరీలో పింఛన్లు ఆగిపోయినవాళ్లను చూశాను నేను.

"ఆపితే నీ చేతి కూడే గదా తినాల్సింది. ఇప్పుడు మాత్రం ఇంకెవరి చేతి కూడు తింటుండాను?" అన్నారు కోడలితో. ఆమె నవ్వలేదు. కానీ మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మా గుమ్మం ముందు నిలబడ్డారు.

ఆయన తెలుగులో రాస్తే, నేను ఇంగ్లీషులోకి మార్చాలి. రెండు భాషలూ నాకు వచ్చని, ఉన్నది ఉన్నట్టు మార్చానని కింద సంతకం చేయాలి. ఆయన రాసినదాంట్లో గడప, కుక్కలు, చెవి అన్నీ ఉన్నాయి. ఆఫీసు కాగితంలో ఇవన్నీ దేనికని నేను నాలుగు వాక్యాలు కొట్టేశాను. ఆయన నాలుగూ మళ్లీ రాశారు. మళ్లీ కొట్టేశాను.

"ఉన్నది ఉన్నట్టు అని సంతకం పెట్టబోతుండావు గదా. చెవి లేకపోతే ఉన్నది ఎట్టా అవుద్ది?"

నేను ఇక కొట్టలేదు.

కావలిలో నోటరీ ఆ కాగితం చదువుతూ చదువుతూ కళ్లద్దాలు తీశాడు. "మాస్టారూ, నాదీ జూన్ ఒకటే! మా నాయన ఇన్నేళ్లూ నన్ను జ్యేష్ఠమాసంలో పుట్టినావని నమ్మించినాడే!"

"నువ్వు సంక్రాంతికి ముందు పుట్టినావురా అబ్బయ్యా. బళ్లో చేరినప్పుడు ముక్కు కారుతా ఉన్నింది. ముందు ముద్ర వెయ్యి."

ఆలస్యపు జనన నమోదుకు ఆర్డర్ తెచ్చాము. బాప్తిస్మపు రిజిస్టరు నుంచి నకలు తెచ్చాము. నర్సమ్మది, మా చెల్లెలిది చెరొక అఫిడవిట్ జత చేశాము. నేను అలవాటు కొద్దీ అన్నిటికీ మూలన చిల్లు పొడిచి ట్యాగు కట్టాను. లాయరమ్మ ఫొటోలో చూసి, అక్కడ కాగితాలను మెషిన్‌లో పెడతారు, దారాలూ పిన్నులూ వద్దని కబురు చేసింది. అన్నీ విప్పి, కొత్త నకళ్లు తీసి, విడికాగితాలుగా పంపించాము. ఆవిడ చెవి గురించి మళ్లీ అడిగింది. ఇలాంటి పద్ధతి నిజంగా ఉందా అని. మాస్టారు తమ పిల్లలను కూడా అలాగే బడిలో చేర్చుకున్నారని ఊళ్లో మరో ఇద్దరు తల్లులు రాసిచ్చారు. అవీ పంపించాము.

అనుమతి వచ్చింది. ఆ రోజు పిల్ల నాకన్నా ముందు మాస్టారికే ఫోన్ చేసింది. నాకు కోపం రాలేదని చెప్పను. పింఛనూ ఆగలేదు.

అప్పటి నుంచి రెండేళ్లకొకసారి దాని కార్డు గడువు వచ్చేది. గుర్తు చేసేది ఆయనే. గోడ క్యాలెండర్ మార్చిన రోజే, గడువుకు చాలా ముందున్న ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టేవారు. ఆ నెల వచ్చేసరికి వరండాలోంచి కేక వేసేవారు: "మన పిల్ల కాగితాలు పోయినాయా?" కరెంటు పోయిందా అన్నట్టే ఉండేది ఆ అడగడం. పిల్ల కాలేజీ చదివింది. ఇప్పుడు ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. ఈసారి అనుమతి వచ్చిన వార్త ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందే తెలిసింది. "రెండేళ్లు. సరే," అని కాఫీ తాగారు.

మనవరాలు సమాధికి రాలేకపోయింది. ముందుగా అనుమతి తీసుకోకుండా ఆ దేశం దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు. డ్యూటీ మధ్యలో బయటకు వచ్చి, ఫోన్‌లో సమాధి కార్యక్రమం చూసింది. అంతా అయ్యాక నాతో మాట్లాడింది. సమాధి రాయి మీద మాస్టారి పుట్టిన తేదీ ఏం వేస్తున్నారని అడిగింది. పింఛను కాగితాల్లో జూలై ఒకటి ఉందని, కోడలు అదే రాసిచ్చిందని చెప్పాను.

"అది ఆయన్ని బళ్లో వేసిన అయ్యవారు రాసిందంట గదా అమ్మమ్మా. నాతో చెప్పినాడు. దాన్ని వెయ్యబాకండి. నా కోసం ఊరూరూ తిరిగి అడిగినాడు. ఆయన కోసం ఎవరూ అడగరా?"

ఎనభై ఎనిమిదో తొంభయ్యో, ఆయన వయసు మాలో ఎవరికీ తెలియదు. కోడలితో మాట్లాడాను. ఒప్పుకుంది. కనుక జరగవలసినవి ఇవి.

1. నాయుడుపేటలో ఆయన అక్క ఉన్నారు. చెవులు సరిగా వినపడవు కానీ జ్ఞాపకం బాగుంది. బుధవారం నేనూ కోడలూ వెళ్తాము. తమ్ముడు పుట్టినప్పుడు ఆమెకు ఏం తప్పిపోయిందో అడగాలి.

2. ఆయన తల్లిగారి ఊరి సంఘంలో బాప్తిస్మపు రిజిస్టరు నకలు కోసం దరఖాస్తు ఇవ్వాలి. ఆ సంఘంలో బంధువులున్నవారు నాతో మాట్లాడండి.

3. ఆయన బంధువుల్లో పెద్దవారు ఎవరికి ఏది గుర్తున్నా చెప్పండి. ఒకరినొకరు అడిగి సరిచూసుకుని రావద్దు. విడివిడిగా రండి.

4. మనవరాలి తర్వాతి గడువు. క్యాలెండర్‌లో సున్నా ఈసారి నుంచి నేను చుడతాను.

5. సమాధి రాయి. నిన్న సాయంత్రం చెక్కేవారి దగ్గరకు వెళ్లి పని ఆపించాను. పేరు, ఒక బైబిల్ వాక్యం, పోయిన తేదీ చెక్కడం అప్పటికే అయిపోయింది. పుట్టిన తేదీ ఉండవలసిన చోట నల్లరాయి ఇంకా నున్నగా ఉంది. రోడ్డు పక్కన గోడకు ఆనించి పెట్టారు. బడి వదిలి ఇంటికి పోతున్న పిల్లలు దాని ముందు ఆగి, ఆ ఖాళీలో తమ ముఖాలు చూసుకుని, జుట్టు సర్దుకుని వెళ్తున్నారు.