కుప్పకు మొగుడెప్పుడు చచ్చినాడు?

మా అవ్వ ఓబులమ్మ అచ్చం పలకే. రంగూ అదే, గట్టితనమూ అదే. తేడా ఒక్కటే, ఈ పలక మీద ఏనాడూ ఒక్క అక్షరం పడలేదు. పుట్టింది పెద్దారవీడులో, కోడలిగా వచ్చింది మార్కాపురానికి. తాత విషజ్వరంతో పోయేనాటికి ఆమెకు ముప్పై నిండలేదు. ఏడవాల్సినంత ఏడ్చి, కర్మంతరాలు కాగానే నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని పలకల గనికి పోయింది.

కర్నూలులో కొత్త ప్రభుత్వం గుడారాల కింద నడుస్తున్న రోజులవి. గనిలో ఆడవాళ్లు గుంతలోంచి రాయిని గంపలతో పైకి మోసేవాళ్లు. పైన మగవాళ్లు ఉలి పెట్టి దాన్ని పలుచని పొరలుగా చీల్చేవాళ్లు. మంచి రాయైతే పుస్తకంలో కాగితాల్లా విడిపోతుంది. కాకపోతే అడ్డంగా పగిలి చెత్తకు పోతుంది. లోపలేముందో ఉలి దిగేదాకా ఎవరికీ తెలియదు.

పొద్దున్నే మొదటి గంప ఓబులమ్మది, మొదటి రాయి చీల్చేది మేస్త్రీ లక్ష్మీనరసయ్య. గొడవంతా అక్కడే వచ్చింది.

“ఓబులమ్మా, నువ్వు ఎదురొచ్చిన రోజల్లా రాయి పగుల్తాంది. రేపట్నుంచి చెత్త మోసే కాడికి పో” అన్నాడు మేస్త్రీ.

చెత్త మోసేవాళ్లకు సగం కూలి. ఇంట్లో ఇద్దరు పిల్లలు. అయినా ఆమె బతిమాలలేదు. బతిమాలేందుకు వేరే రకం నోరు కావాలి.

“రోజల్లానా? మొన్న ఒలిచినట్టు విడిపోయిందే, ఆ పొద్దు ఎవరు ఎదురొచ్చినారన్నా? మీ అత్తా?”

పక్కన ఉలి నూరుకుంటున్న ఇమాం సాహెబ్‌కు నవ్వు ఆగక దగ్గొచ్చింది.

“అది నా చేతివాటం” అన్నాడు మేస్త్రీ.

“విడిపోతే నీ చెయ్యి, పగిల్తే నా మొగమా? బాగుంది నీ లెక్క! పగిలిన రోజులే గుర్తు పెట్టుకుంటివి. ఒక పని చేద్దాం. ఒక పొద్దు మొదటి గంప నేను తెస్తా, ఒక పొద్దు సౌభాగ్యమ్మ తెస్తాది. ఇద్దరికీ ఇరవై పొద్దులు. అప్పుడు చూసి పొమ్మను.”

సౌభాగ్యమ్మకు గుండ్రాయిలాంటి మొగుడున్నాడు, ముఖం నిండా పసుపుంది, పేరులో కూడా మంగళమే. ఇంతకు మించిన శకునం ఎక్కడ దొరుకుతుంది? మేస్త్రీ సరేనన్నాడు. పొద్దుకొక పలకముక్క చొప్పున ఇమాం సాహెబ్ ఇద్దరికీ వేరువేరుగా దాచాలి. రాయి పగిలితే ముక్క మీద సుద్దగీత, విడిపోతే ఉత్త ముక్క.

ఓబులమ్మ తెచ్చిన మొదటి మూడు పొద్దులూ రాయి పగిలింది. గనంతా గుసగుసలు.

“అక్కా, ఇంక చాలించరాదూ” అంది సౌభాగ్యమ్మ జాలిగా.

“గవ్వలాటలో నీకు వరసగా మూడుసార్లు ఒకటే పందెం పడలా? ఆ పొద్దు గవ్వలకు దిష్టి తీసినావా?” అంది ఓబులమ్మ. గవ్వలాటలో మా అవ్వ తొండి చేసేదని గనిలో అందరికీ తెలుసు. గవ్వలు ఎవరి మాటా వినవని ఆమెకొక్కదానికే తెలుసు.

ఇరవై, ఇరవై పూర్తయ్యాయి. ఓబులమ్మవి ఎనిమిది పగిలాయి. సౌభాగ్యమ్మవి ఆరు.

“రెండు ఎక్కువ! చూసినారా?” మేస్త్రీ మీసం లేచింది.

ఓబులమ్మ నలభై ముక్కలూ గంపలో పోసి కలిపింది. మేస్త్రీ తువ్వాలు లాక్కుని ఆయన కళ్లకే కట్టింది.

“ఇరవై ఈ పక్క, ఇరవై ఆ పక్క వెయ్యన్నా.”

వేశాడు. ఇమాం సాహెబ్ లెక్కపెట్టాడు. గీతలున్నవి ఎడమ కుప్పలో తొమ్మిది, కుడి కుప్పలో ఐదు.

“ఈ ఎడం కుప్పకు మొగుడెప్పుడు చచ్చినాడన్నా?”

గని గనంతా పగలబడి నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. మళ్లీ కలిపి మళ్లీ వేయించింది. ఈసారి నాలుగు, పది. ఆ తర్వాత ఏడు, ఏడు. మళ్లీ ఎనిమిది, ఆరు. ఎన్నిసార్లు వేసినా సమంగా పడడమే తక్కువ.

మేస్త్రీ తువ్వాలు ఊడదీసుకున్నాడు. “అయితే నీ ఎదురుతో ఏమీ కాదని తేలినట్టా?”

“అట్ల నేననలా. అవుతాదని నీకు తేలలా. కళ్లు మూసుకొని పోస్తేనే ఇంత తేడా పడ్తాంటే, రెండు ముక్కలు చూపి నా పిల్లోళ్ల కూడు తీస్తావా? నావి ఇరవైకి ఇరవై పగిలి, ఆయమ్మది ఒక్కటీ పగలకుంటే నువ్వు చెప్పేదాకా ఉంటానా? నేనే గంప దించి పోదును.”

మేస్త్రీ ఉలి అందుకుని పక్కకు తిరిగాడు. పొమ్మని మాత్రం అనలేదు.

మర్నాడు మొదటి గంపతో ఓబులమ్మ సరాసరి ఆయన ఎదురుగానే వచ్చింది. మేస్త్రీ ముఖం తిప్పుకోబోతే, “ఇట్ల చూడన్నా, మొగమేం కొరకదు” అంది. ఉలి దిగింది. రాయి అడ్డంగా పగిలింది.

అందరి కళ్లూ ఆమె మీదే.

ఓబులమ్మ కింద నుంచి పలకముక్క ఒకటి తీసి, సుద్దగీత గీసి ఇమాం సాహెబ్ ఒళ్లో పడేసింది.

“దీన్ని కూడా లెక్కలో ఎయ్యి సాయిబూ” అని చుట్టకుదురు సర్దుకుని, రెండో గంపకు గుంతలోకి దిగింది.